తిన్నయింటి వాసములు

తిన్నయింటి వాసములు లెక్కపెట్టుట యని మనలో నొక సామెత కలదు. ఒకరి యింట కడుపునిండ భోజనము చేసి, చేయి యారకముందే పైకప్పు వంక చూచి, ఈ యింటికి వాసము లెన్ని, వానిలో పుచ్చిన వెన్ని యని యెంచువానిని ఈ మాటతో తిట్టుదురు. కృతఘ్నతను నిందించుటకు ఇంతకంటె చురుకైన మాట మన భాషలో దొరకుట కష్టము. అతిథి విషయమున నిది చక్కగా నతుకును. కాని యితరుల ధనముతో చదువుకొను విద్యార్థి విషయమున నిది యెంతవరకు చెల్లును? తన రుసుము కట్టినవాని నడవడిని గూర్చి, ఆ ధనము వచ్చిన త్రోవను గూర్చి యతడు నోరు మెదపరాదా? పిల్లవానిని విశ్వవిద్యాలయమునకు పంపునది లెక్కించుట నేర్చుకొను మనియే గదా! లెక్క నేర్చుకొనుటకు ధనమిచ్చి, మా యింటి లెక్క మాత్రము చూడకు మనుట దానమగునా, బేరమగునా?

ఇది పండితులు పొద్దుపుచ్చుటకు వేసికొను ప్రశ్న కాదు. 2016 అక్టోబరు 11వ తేదీన పాత వరంగల్లు జిల్లానుండి విడివడి వేఱు జిల్లాలైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి యేటేట వేలకొలది బాలబాలికలు కళాశాలలకు పోవుచున్నారు. వారిలో ననేకుల యింట అంతకుముందు బడి మెట్టెక్కిన వారు లేరు. అట్టివారికి చదువనగా ఇతరుల ధనమే. ప్రభుత్వము తిరిగి చెల్లించు రుసుము కొంత, కులసంఘమువారి వసతిగృహము కొంత, ఏదో కంపెనీ యిచ్చు విద్యార్థివేతనము కొంత, ఊరినుండి అమెరికాకు పోయిన యొకరి చందా కొంత. ఇన్ని చేతుల మీదుగా ఒక డిగ్రీ చేతికందుచున్నది. ఇన్ని చేతులకును నమస్కరింపవలసినదే. ఆ నమస్కారముతోబాటు ఇంకేమైన నీయవలెనా యన్నదే మన విచారణ.

వెనుకటి కాలమున బీదపిల్లలు వారములు చేసికొని చదువుకొనెడివారు. సోమవార మొకరి యింట, మంగళవారము వేఱొకరి యింట, ఇట్లేడు దినములకు ఏడిండ్లు. ఈ యేర్పాటులో తఱచుగా మనము గమనింపని సుగుణ మొకటి కలదు. ఏడుగురు అన్నదాతలున్న పిల్లవాడు ఏ యొక్కరికిని పూర్తిగా దాసుడు కాడు. బుధవారపు ఇల్లాలు కసరుకొన్నచో ఆ పూట పస్తుండునేమో గాని, చదువు మానుకొని యూరికి పోనక్కరలేదు. ఒక్కని యింటనే ఏడు దినములును తినువానికి ఆ స్వేచ్ఛ లేదు. దాతలు పెక్కుమంది యగుకొలది పుచ్చుకొనువాని వెన్నెముక నిటారుగా నుండు ననుటకు మన పల్లెలలోనే నిదర్శన మున్నది. అయితే ఆ యేడిండ్ల వాకిళ్లు ఎవరికి తెరచియుండెనో కూడ చెప్పవలెను. మిక్కిలిగా బ్రాహ్మణ బాలునికే. మాల మాదిగల పిల్లవానికి ఏ వీధిలోను వారము లేదు. ఆడపిల్ల మాట యెత్తనే యక్కరలేదు. 1910 ప్రాంతమున భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో ఆదిహిందువుల పిల్లలకు బడులు పెట్టనారంభించినది ఈ మూసిన వాకిళ్లను చూచియే.

వారముల తరువాత వసతిగృహములు వచ్చినవి. 1918లో కొత్వాలు రాజబహద్దరు వెంకటరామారెడ్డి పూనికతో హైదరాబాదులో రెడ్డి విద్యార్థి వసతిగృహము వెలసినది. సంస్థానాధీశులును దేశముఖులును దానికి ధనమిచ్చిరి. పల్లెనుండి నగరమునకు వచ్చి దిక్కుతోచని పిల్లవానికి అది నీడయైనది. ఓరుగల్లు సీమలోను ఇట్టి దాతల జాడలు నేటికిని గోడలమీద చదువవచ్చును. హనుమకొండ వడ్డేపల్లిలోని స్త్రీల ప్రభుత్వ కళాశాల పింగళివారి పేరు ధరించియున్నది. వరంగల్లులో చందా కాంతయ్య స్మారక కళాశాల కలదు. జనగామలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలను అందఱును మూడక్షరములతో ఏబీవీ యని పిలుతురు. ఆ మూడక్షరములలో ఆంధ్రభాషాభివర్ధని యను పాతకాలపు ఆశయము దాగియున్నదని యందు చదువు పిల్లలలో నెందఱికి తెలియునో! తెలుగు చదువుటయే ధైర్యమైన దినములలో ఆ పేరు పుట్టినది.

కోస్తా జిల్లాల కథ వేఱు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు జయపురాధీశ్వరుడు విక్రమదేవవర్మ యేటేట లక్ష రూపాయల నిచ్చుటకు పూనుకొనెను. అచ్చటి శాస్త్ర కళాశాల కాయన పేరే పెట్టిరి. ఆ కాలమున నా లక్ష యొక కళాశాలను నిలుపగల ధనము. నేడది యొక ఆచార్యుని నెల జీతమునకు చాలదు. శాశ్వతదానమని మనము పిలుచునది ఎంత శాశ్వతమో దీనివలన తెలియుచున్నది. రూపాయి నిలువదు, దానితో కట్టిన గోడ కొంతకాలము నిలుచును, ఆ గోడలమధ్య చదివినవాని బుద్ధి యింకను ఎక్కువ కాలము నిలుచును. ఆ విశ్వవిద్యాలయముననే మన ప్రశ్నకు చక్కని యుదాహరణ మొకటి కలదు. ప్రథమ ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి, 1930లో ప్రభుత్వము సాగించిన దమననీతికి నిరసనగా తన పదవినే వదలుకొనెను. ప్రభుత్వపు చట్టముచేత పుట్టిన సంస్థలో ప్రభుత్వమువలన వచ్చిన కుర్చీ యది. సామెత ప్రకార మాయన తిన్నయింటి వాసములు లెక్కించినవాడే. అయినను 1936లో మరల నాయననే పిలిచి ఆ కుర్చీలో కూర్చుండబెట్టిరి.

ఇక నింటికి వత్తము. జనగామ ప్రాంతము నాడు నల్లగొండ జిల్లాలోని తాలూకా. ఆ తాలూకాలో దొరల గడులెట్టివో చెప్పినగాని వాసముల మాట పూర్తిగా బోధపడదు. గడి యనగా నొక పెద్ద యిల్లు మాత్రమే కాదు. ఊరిలో కుమ్మరి కుండలను, చాకలి చాకిరిని, మాదిగ చెప్పులను, రైతు తన బండిని యెడ్లను వెల లేక సమర్పింపవలసిన స్థలమది. దానికి వెట్టి యని పేరు. పంట పండనినాడు తెచ్చుకొన్న ధాన్యమునకు నాగు పేరిట మోయలేని వడ్డి. అడవినుండి కలపను బండ్లమీద తోలినది వెట్టివాడు, దూలము నెత్తినది వెట్టివాడు, సున్నము నూరినది వెట్టివాడు. అట్టి యింటి వాసములను లెక్కించు నధికార మెవరిది? వానిని మోసినవాని కొడుకుది కాదా? దొర దయతలచి ఆ కొడుకు చదువునకు నూఱు రూపాయలిచ్చినాడని యనుకొందము. ఆ నూఱు రూపాయలలో నా తండ్రి వెట్టి యెంత, తాత నాగు ఎంత యని ఆ పిల్లవాడు లెక్కవేసినచో, మనము కృతఘ్నుడందుమా?

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలునకు చేసికొన్న భూమిలో పండిన పంటను విసునూరు దేశముఖు మనుషులు కొల్లగొట్టబోయినపుడు, 1945 ప్రాంతమున, ఆమె సంఘము నండతో దానిని నిలుపుకొన్నది. 1946 జూలై 4వ తేదీన కడివెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండునకు ప్రాణమిచ్చెను. ఈ యిద్దఱును కళాశాల ముఖము చూచినవారు కారు. కాని యెవరి సొత్తు ఎవరి యింట చేరినదో లెక్క చూడవలెనను విద్యను ఆ సీమకు నేర్పినవారు వారే. ఆ తరమున దొరల యిండ్లలో పుట్టి, దొరల ధనముతోనే నగరములలో చదివి, తిరిగివచ్చి దొరతనమునే ప్రశ్నించిన యువకులు కొందఱు కలరు. వారిని తండ్రులు ఇంటి వాసములు లెక్కించు కొడుకులని తిట్టియుందురు. చదువు ఫలించినదనుటకు అంతకంటె వేఱు గుర్తు నాకు తోచదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయము సంగతి మఱింత స్పష్టము. ఏడవ నిజాము పేరుతో 1918లో నది ప్రారంభమైనది. ఒక దేశభాషలో ఉన్నతవిద్యను బోధించిన ఖ్యాతి దానిది; ఆ మేరకు గొప్ప ప్రయత్నమే. అయితే ఆ భాష ఉర్దూ. జనగామ రైతు బిడ్డ తన భాషను గుమ్మము వెలుపల విడిచి లోనికి పోవలసివచ్చినది. 1938లో విద్యార్థులు వసతిగృహములలోని ప్రార్థనామందిరములలో వందేమాతరము పాడిరి. అధికారులు వలదనిరి. విద్యార్థులు మానలేదు. వారిని వసతిగృహములనుండియు తరగతులనుండియు వెడలగొట్టిరి. సర్కారు ఉప్పు తిని సర్కారునకు ఎదురు తిరిగిరను నిందను వారు మోయవలసివచ్చినది. ఆ యుప్పెవరిది? ఖజానా నింపినది రైతు శిస్తు. పేరు ప్రభువుది, ధనము ప్రజలది, శిక్ష ప్రజల బిడ్డలకు.

అప్పుడు వారిలో ననేకులను చేర్చుకొన్నది నాగపూరు విశ్వవిద్యాలయము. ఆ యుద్యమమున పాల్గొని, పిదప నాగపూరున చదివినవారిలో తరువాత దేశ ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావు ఒకరు. నాగపూరువారి కీ తెలుగు పిల్లలతో భాష కలియదు, సంస్థానము కలియదు. వారు చేసినది తలుపు తీయుటయే. దీనిని మహాదానముల పట్టికలో ఎవరును వ్రాయలేదు. కాని నూఱేండ్ల మన విద్యాచరిత్రలో ఎవరి దానము నిర్మలమైనదని నన్నడిగినచో నే నా తలుపునే చూపుదును.

ధనికుల దానము విద్యాసంస్థ కంఠమును నొక్కుట మన దేశమునకే చెల్లిన రోగము కాదు. అమెరికాలో లీలాండ్ స్టాన్‌ఫర్డ్ రైలుమార్గములవలన గడించిన ధనముతో, చనిపోయిన యేకపుత్రుని పేర నొక విశ్వవిద్యాలయమును నెలకొల్పెను. ఆయన తరువాత భార్య జేన్ స్టాన్‌ఫర్డ్ దానికి సర్వాధికారిణి యయ్యెను. ఎడ్వర్డ్ రాస్ అను అర్థశాస్త్రాచార్యుని యుపన్యాసము లామెకు నచ్చలేదు. 1900లో నాతడు పదవి వదలవలసివచ్చినది. దానికి నిరసనగా మఱికొందఱు ఆచార్యులును తప్పుకొనిరి. వారిలో నొకడైన ఆర్థర్ లవ్‌జాయ్ తరువాత జాన్ డ్యూయీతో కలిసి 1915లో ఆచార్యుల స్వేచ్ఛను కాపాడుటకై అమెరికాలో నొక సంఘమును స్థాపించెను. ఇచ్చట నొక చిక్కున్నది, దానిని దాచరాదు. రాస్ చెప్పిన మాటలలో ఆసియావాసులు ఆ దేశమునకు వలస రాకూడదను రోత వాదము నుండెను. అతని మాట తప్పు, అతనిని తొలగించిన పద్ధతియు తప్పు. మనకు నచ్చినవాడు మాత్రమే వాసములు లెక్కింపవలెనన్నచో దానిని స్వేచ్ఛ యనరాదు.

పొరుగు తమిళదేశమున 1929లో అణ్ణామలై చెట్టియారు స్థాపించిన విశ్వవిద్యాలయమున స్థాపకుని వంశమువారికే పెద్దఱికము తరతరములుగ వచ్చుచుండెను. 2013లో ప్రభుత్వము చట్టముచేసి దానిని తన వశము చేసికొనువఱకు ఆ పద్ధతి సాగినది. స్థాపకుని యౌదార్యము కాదనరానిది. కాని గుడిని కట్టించిన యజమానికి ధర్మకర్తృత్వము వచ్చినట్లు జ్ఞానపీఠమునకును వంశపారంపర్యము వచ్చుట యుచితమా? తండ్రి యిచ్చినది ధనము. కొడుకునకు సంక్రమించినది అధికారము. ఇచ్చినదొకటి, నిలుపుకొన్నది వేఱొకటి.

ఇంతవఱకు చదివి కొందఱు చదువరులు, అట్లయినచో మచ్చపడిన ధనమును ముట్టకుండుటయే మేలు గదా యనవచ్చును. జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామమువారు పోతనామాత్యుని తమవాడని చెప్పుకొందురు. ఆయన తన భాగవతమును రాజున కంకితమీయ నొల్లక హలము పట్టి జీవించెనని ఐతిహ్యము. ఈ కథను చెప్పి మనము పిల్లలను ఉబ్బింతుము. అందు దాగిన యొక చిన్న సంగతిని మాత్రము మఱచుదుము. పోతనకు హలమున్నది. దున్నుటకు భూమి యున్నది. కాదనుటకు కాళ్లకింద నేల యుండవలెను. గార్ల, గూడూరు ప్రాంతపు కోయ బాలిక చేతిలో నొక సంచియు ప్రవేశపత్రమును తప్ప మఱేమున్నవి? ఆమెతో నీవును పోతనవలె నుండుమనుట ఉపదేశము కాదు, క్రూరత్వము. నా యభిప్రాయమున నామె ఆ ధనమును పుచ్చుకొనవలెను. తన పెద్దల చెమట తనకు తిరిగివచ్చినదని పుచ్చుకొనవలెను. బిడియపడవలసినవా డెవడైన నుండినచో వాడు వేఱు.

గుప్తదానమును కొందఱు దీనికి మందుగా చెప్పుదురు. కుడిచేయి యిచ్చినది ఎడమచేయి యెఱుగరాదని పెద్దలన్నమాట యింటివఱకు మంచిదే. విశ్వవిద్యాలయమున నేను దీని నంగీకరింపలేను. దాత పేరు తెలియనపుడు ఆతని షరతులును తెలియవు. తెరచాటున నున్న చేయి యెవరిని ఆచార్యునిగ నియమింపుమన్నది, ఏ పాఠమును తీసివేయుమన్నది యెవరు చూడగలరు? పేరును, మొత్తమును, షరతులును నలుగురు చదువునట్లు ప్రకటించుటయే మేలు. పేరుకొఱకు పాకులాడువాడని మనము దాతను పరిహసింతుము గాని, పేరు బయటనున్న దాతను ప్రశ్నింపవచ్చును. పేరులేని దాతను ప్రశ్నించుటకు మార్గమే లేదు.

ఆటలవిషయమున ధనమింకొక వేషము ధరించును. చదువునకిచ్చువాడు సాధారణముగ పరీక్ష వ్రాయబోడు. ఆటకిచ్చువానికి తానే యాడవలెనను కోరిక పుట్టవచ్చును. విజయనగర రాజకుమారుడు క్రికెట్టునకు విశేషముగా ధనము వెచ్చించెను. ఇంగ్లండునుండి హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి యాటగాండ్రను రప్పించి మనవారితో నాడించెను. ఇంతవఱకు శ్లాఘ్యమే. 1936లో నింగ్లండునకు పోయిన భారత జట్టునకు తానే నాయకుడయ్యెను. మూడు టెస్టులలో నాఱుసారులు బ్యాటు పట్టి మొత్తము 33 పరుగులు తీసెను. మన దేశమునకు టెస్టులలో మొదటి శతకము సంపాదించి పెట్టిన లాలా అమర్‌నాథును క్రమశిక్షణ లేదని యాత్ర నడుమనే యింటికి పంపివేసిరి. పందిరి వేయించినవాడే పెండ్లికొడుకు పీటమీద కూర్చుండినట్లైనది.

అమెరికాలోనైతే విశ్వవిద్యాలయముల యాటస్థలములు నగరములను తలపించును. అచ్చట ఓక్లహోమా రాష్ట్ర విశ్వవిద్యాలయపు క్రీడావిభాగమునకే 2006లో చమురువర్తకుడు బూన్ పికెన్స్ 165 మిలియను డాలర్ల నిచ్చెను. ఆటచూపరుల కరతాళధ్వనులు దాత చెవికి వెంటనే వినబడును. గ్రంథాలయమున చదువువాని నిశ్శబ్దము వినబడదు. కనుకనే ధనము పచ్చికమైదానమువైపు సులభముగ దొర్లును. మన విశ్వవిద్యాలయములలో మైదానములకే గతిలేదు గావున ఈ యతిశయముతో మనకిప్పుడు పోరులేదు. మన చిక్కు వేఱు. మనవారు గెలిచిన తరువాత నిచ్చెదరు.

మానుకోట పొరుగుననే పర్వతగిరి మండలమున కల్లెడ యను గ్రామమున్నది. అచ్చటి కూలివారి బిడ్డ జీవంజి దీప్తి ఊరిలోని గ్రామీణాభివృద్ధి సంస్థవారి బడిలో చదివినది. ఆమె పరుగును ముందుగ గుర్తించినది బడిలోని వ్యాయామోపాధ్యాయుడు. పెద్ద శిక్షణకు పిలిచినవాడు శిక్షకుడు నాగపురి రమేశ్. హైదరాబాదునకు పంపుటకు బస్సు కిరాయి కూడ ఆ తలిదండ్రులకు భారమైనదని పత్రికలు వ్రాసినవి. 2024 మే నెలలో జపానులోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, మేధోవైకల్యముగల క్రీడాకారుల విభాగమున ప్రపంచ రికార్డును నెలకొల్పినది. ఆ సెప్టెంబరున పారిస్ పారాలింపిక్సులో కాంస్యపతకము గెలిచినది. ప్రభుత్వము కోటి రూపాయలును ఉద్యోగమును ప్రకటించెను. అది న్యాయమే, ఎవరును కాదనరు. అయితే ఆ కోటికిని మొదటి బస్సు కిరాయికిని నడుమనున్న దూరమును మన దాతలెవరైన కొలిచిరా? కిరాయి యిచ్చుట ఎక్కువ కష్టము, ఏలయన నప్పటికి ఛాయాచిత్రము తీయువా డెవడును రాడు. పతకము మెడలో వ్రేలాడునప్పుడు ఇచ్చు ధనము పతకమును సన్మానించును. పాదములు మట్టిలో నున్నప్పుడు ఇచ్చిన ధనము మనిషిని నిలుపును.

భూపాలపల్లికి పోయినచో దాన మను మాటయే మారిపోవును. అచ్చట నేలక్రింద నల్లబంగారము. సింగరేణి సంస్థ గనులు త్రవ్వుచున్నది. చెల్పూరువద్ద 1100 మెగావాట్ల తాపవిద్యుత్కేంద్ర మున్నది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము కొంత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు రూపాయలు సమాజమునకు వెచ్చింపవలెను. విద్య, గ్రామీణక్రీడలు, ఒలింపిక్ పారాలింపిక్ క్రీడల శిక్షణ ఆ పట్టికలో నున్నవి. తాము పనిచేయు స్థలమునకు ముందు చూడవలెనని చట్టమే చెప్పుచున్నది. ఇట్లు వచ్చు ధనముతో నొక తరగతిగదిని కట్టి, దాని గోడమీద కంపెనీవారి వితరణ యని బంగారు రంగుతో వ్రాయుదురు. ఇది వితరణమా? చట్టము చేయుమన్న పని చేయుట బాధ్యత. ఊరి పొలము త్రవ్వి తీసిన బొగ్గులో నూటికి రెండు ఊరికి వచ్చుట పాలు. వానపడని యేడు శిస్తు కట్టిన రైతును మనము దాత యనలేదు. కంపెనీని మాత్ర మేల యనవలెను? పొగ మీదపడు పల్లెలోని విద్యార్థిని ఆ తరగతిగదిలో కూర్చుండి తన యూరి గాలిలో ధూళి యెంత యని కొలిచి వ్యాసము వ్రాసినచో, ఆ గది సద్వినియోగమైనట్లే. దానికి కినిసి మఱుసటి యేట వేతనము నిలిపినచో అప్పుడు తెలియును, గోడమీద వ్రాసిన మాట యెంత నిజమో.

ఇచ్చట నాకెంతో ముచ్చట గొలుపు సంగతి యొకటి కలదు. ఈ సీమవారు తమ గొప్ప సంస్థలకు పెట్టుకొన్న పేర్లను చూడుడు. భూపాలపల్లి జిల్లా పేరులో ముందున్నది ఆచార్య జయశంకర్. కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగ నుండిన అధ్యాపకుడు. వ్యవసాయ విశ్వవిద్యాలయమునకును ఆయన పేరే. వరంగల్లులోని ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయమునకు, నిజాము చెరసాలను చూచిన కవి కాళోజీ పేరు. హైదరాబాదు కోఠిలో, బ్రిటిషు రెసిడెంటు నివసించిన మేడ ప్రాంగణమున నున్న మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఒక యధ్యాపకుడు, ఒక కవి, ఒక చాకలి స్త్రీ. ముగ్గురిలో నొకరును ధనికదాత కారు. ముగ్గురును తమ కాలపు ఇండ్ల వాసములు లెక్కించినవారే. ప్రజలు ఎవరిని జ్ఞాపకముంచుకొందురో దాతలు కొంచెము విచారించుకొనవచ్చును.

అయితే పేరు పెట్టుటకు కాసు ఖర్చు లేదు. ఐలమ్మ పేరుగల విశ్వవిద్యాలయమున చదువు ఆడపిల్ల రుసుము సకాలమున చెల్లినదా యన్నది వేఱు ప్రశ్న. 2008లో నాటి ఆంధ్రప్రదేశమున మొదలై నేటికిని తెలంగాణమున సాగుచున్న ఫీజు రీయింబర్స్‌మెంటు పథకము మన బీదవిద్యార్థులకు లభించిన దానములన్నిటిలోను పెద్దది. దానిని దానమనుటయు సరికాదు, పన్నుల ధనమది. బకాయిలు పేరుకొన్నపుడు కళాశాలలు విద్యార్థుల ధ్రువపత్రములను పట్టుకొని కూర్చుండుట మనమెఱిగినదే. పేద పిల్ల ఉద్యోగమునకు పోవలసిన దినమున తన పట్టా తనచేతిలో లేక, ఎవరో చెల్లింపని బాకీకి తాను తాకట్టుపడినట్లు కార్యాలయపు గుమ్మమున నిలుచుచున్నది. నాటి వెట్టిలోను తండ్రి బాకీకి కొడుకు జీతముండెడివాడు. ప్రభుత్వ మను మహాదాత యింటి వాసములను కూడ లెక్కింపవలసిన యక్కర కలదని దీనివలన తెలియుచున్నది.

ఇంటింట నున్న మన చిన్న దాతలతోనే నాకెక్కువ పని. తల్లిదండ్రుల పేర నొక విద్యార్థివేతనమో, బంగారు పతకమో యేర్పఱుప దలచు గృహస్థులు నేడు మన పట్టణములలో పెక్కుమంది కలరు. వారి దానపత్రములను కొన్నిటిని చూచితిని. మా కులమువారికే యనునది మొదటి షరతు. వర్ధంతినాడు వచ్చి పటమునకు దండవేయవలెననునది రెండవది. సత్ప్రవర్తన కలిగియుండవలెననునది మూడవది. సత్ప్రవర్తన యనగా నేమో వ్రాయరు, కాబట్టి ఏదైన కావచ్చును. సమ్మెలో నిలుచుట దుష్ప్రవర్తనమా? వేఱు కులమువానిని పెండ్లాడుట దుష్ప్రవర్తనమా? ఇట్టి షరతు లెఱుగక పెట్టువారే యెక్కువ. అట్ట మీద వ్రాసిన పెద్ద చెక్కును విద్యార్థిని చేత పట్టించి వేదికమీద నిలుపుట యిప్పటి వేడుక. ఆమె ముఖము ఆ యట్ట వెనుక సగము దాగియుండును. సభలోనివారికి అంకె కనబడును, మనిషి కనబడదు.

అట్లు గాక పదిండ్లవారు కూడి, కులము పేరెత్తక, ఒక్కొక్కరు కొంచెముగ వేసి, వెనుకటి వారములవలె నొక నిధి నేర్పఱచినచో, పుచ్చుకొను పిల్ల ఎవరి యింటికిని పోయి తలవంచనక్కరలేదు. నిధి వివరము కళాశాల గోడమీద నుండవలెను. ధనము కార్యాలయముద్వారా పోవలెను. ఇంకొకటి. మన దాతలు ధనమును వార్షికోత్సవమున నిత్తురు. వార్షికోత్సవములు సాధారణముగ ఫిబ్రవరిలో జరుగును. రుసుము కట్టవలసినదో, జూను జూలై మాసములలో. ఆ యెనిమిది నెలలకును ఆ పిల్ల తండ్రి ఊరి వడ్డివ్యాపారివద్ద నూటికి రెండు రూపాయల నెలవడ్డికి తెచ్చి కట్టును. పది వేల రూపాయల వేతనము చేతికి వచ్చునప్పటికి పదునాఱు వందలు వడ్డికి పోయియుండును. ఆ పదునాఱు వందలును దాత యిచ్చినట్లా, వడ్డివ్యాపారి కిచ్చినట్లా? కనుక దానపత్రము వ్రాయించు నింటివారు తక్కిన పంక్తులకు ముందు తేదీని వ్రాయింతురుగాక: జూను మొదటి వారము.